ఒళ్ళు సర్దుకునే గంట

కుడిచేతి చిటికెన వేలు ఇంకా రాలేదు. మిగతా వేళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి తిమ్మిరి విదిలించుకుని చేతికి తిరిగొచ్చాయి. ఇదొక్కటే బడి వదిలాక దారిలో ఆటకు నిలబడిపోయిన పిల్లలా ఎక్కడో ఆగిపోయింది. రానీ, వచ్చినప్పుడే వస్తుంది, పిలవకూడదు, పిలిస్తే మొండికేస్తుంది అనుకుంటూనే ఆమె బొటనవేలితో దాన్ని మరోసారి నొక్కి చూసింది. లేదు. మొద్దుగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. మైకు గదిలో తన కుర్చీ తనదే, బల్ల తనదే, బల్ల మీద రోజూ గుడ్డ పెట్టి తుడిచి తుడిచి మెరుపెక్కిన ఆ జానెడు మేరా తనదే, వేలు మాత్రం ఎరువు సొమ్ము. ఇందాక డ్యూటీకి వస్తుంటే స్టేషన్ వంతెన మధ్యలో వచ్చింది అది. దాన్ని 'అది' అనే అంటుంది, పేరు పెడితే చనువు తీసుకుంటుందని. కాళ్ళ కింద రేకు అదిరింది. కింద బండి పోతోంది గనక అదిరింది, ఆ సంగతి ఏళ్ళ తరబడి తెలుసు, అయినా గుండె ఆ మాట వినిపించుకోకుండా పరుగందుకుంది. ఆ తర్వాతదంతా మామూలే. గొంతు బిగుసుకోవడం, చెవుల్లో హోరు, ఇప్పుడే, ఇక్కడే, ఈ కమ్మీ పట్టుకునే పోతానన్న నమ్మకం. పోలేదు. ఎప్పుడూ పోలేదు. ఆడవాళ్ళ గదిలో చల్లటి గోడకు నుదురు ఆనించి నిలబడితే కాసేపటికి అదే వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందని డాక్టరు అంటాడు. వెళ్ళిపోవడం అంటే ఏమిటో ఆయనకు వాళ్ళావిడ చెప్పాలి. చెప్పాపెట్టకుండా ఇంటెడు చుట్టాలు దిగి, తిని, అరిచి, పిల్లల్ని పరుపుల మీద గెంతించి, వచ్చినంత హడావుడిగానూ వెళ్ళిపోతే, వీధి తలుపు వేసి వెనక్కి తిరిగిన ఇల్లాలితో 'ఇంకేం, వెళ్ళిపోయారు కదా' అంటే ఎలా ఉంటుంది? తొట్టి నిండా గిన్నెలు, పరుపు మీద చెప్పు జాడ, స్నానాల గదిలో ఎవరిదో తల వెంట్రుకల ఉండ, ఎక్కడ చేయి పెట్టినా జిడ్డు. ఒళ్ళు ఇప్పుడు ఆ ఇల్లే. దవడలు నొప్పి, పళ్ళు కొరుక్కున్నందుకు. మెడ వెనక నరం బిగుసుకుని తల తిప్పితే కుర్చీతో సహా తిరగాల్సి వస్తోంది. పిక్కలు కొండెక్కి దిగినట్టు, అసలు ఎక్కింది వంతెన మెట్లే. ఛాతీ మీద బరువు లేదు, బరువు ఉన్నచోట మిగిలే గుంట ఉంది, పెట్టె జరిపాక గచ్చు మీద మిగిలే మచ్చ లాంటిది. అన్నిటికంటే గొంతు. గొంతులో ఏదో అడ్డం. మింగితే దిగదు, దగ్గితే రాదు. అక్కడేమీ లేదని గొట్టం వేసి చూసి మరీ చెప్పారు. ఏమీ లేనిదాన్ని ఇంతసేపటి నుంచీ మింగుతోంది. ఎన్నిసార్లు మింగిందో, నాలుక ఎండిపోయి అట్టముక్క అయింది. మైకు ముందు కూర్చునే మనిషికి కాలో చెయ్యో పట్టుకుంటే ఎవరికీ పట్టదు, ఇదేమో ఏరికోరి గొంతు పట్టుకుంది.

స్టేషన్‌లో అందరూ ఆమెను మైకమ్మ అంటారు. పోర్టర్ల దగ్గర్నుంచి పత్రికల దుకాణం అతని దాకా, అసలు పేరు జీతం చీటీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. గది ఒకటో ప్లాట్‌ఫారం నెత్తిన ఉంటుంది, మూడు వైపులా అద్దాలు. కిందంతా కనిపిస్తుంది. పెట్టె మీద కూర్చుని గోళ్ళు కత్తిరించుకునే పెద్దాయన, బెంచీ మీద పడుకుని పుస్తకం మొహాన కప్పుకున్న కుర్రది, ఒకరినొకరు చూసుకోకుండా మాట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాం. వాళ్ళకు మాత్రం ఆమె కనపడదు, ఎండ అద్దాల మీద పడి. ఈ మధ్య పని సగానికి సగం తగ్గిపోయింది, మామూలు బళ్ళకు రికార్డే మాట్లాడుతోంది. ఎవరో, ఏ ఊరో తెలీదు, ఒక పిల్ల గొంతు. అంకెలు విడివిడిగా, ఊళ్ళ పేర్లు విడివిడిగా చదివించి, అతుకుల బొంత కుట్టినట్టు కుట్టి వినిపిస్తారు. అతుకు దగ్గర గొంతు చిన్న ముడి పడుతుంది, వినేవాళ్ళకు తెలీదు, ఆమెకు ప్రతిసారీ పంటి కింద రాయిలా తగులుతుంది. ఆ పిల్లకు జలుబు చేయదు, దాహం వేయదు, పొద్దుటి బండికీ సాయంత్రం బండికీ అదే ఉత్సాహం. ఒకప్పుడు దానిమీద చిరాకుగా ఉండేది. ఇవాళ, ఈ ఎండిన నాలుకతో, ఆ పిల్లను చూస్తే అసూయ. ఒళ్ళు లేకుండా గొంతు ఒక్కటే ఉండటం ఎంత సుఖం.

మణికట్టు మీద రెండు వేళ్ళు ఎప్పుడు వెళ్ళాయో చూసుకోలేదు. నాడి. తీసేసింది. నాడి చూసుకోవద్దన్నాడు డాక్టరు. మాటిమాటికీ మూత తీసి చూస్తే ఏదీ ఉడకదమ్మా అన్నాడు, పాపం ఆడదానికి అర్థమయ్యేలా చెప్పాననుకుని. బీయస్సీలో శరీరశాస్త్రం చదివానండీ అని అనబోయి ఊరుకుంది, ఎందుకు, ఆ చదువు వంతెన మీద అక్కరకు రాలేదు కదా. భయం వేసినప్పుడు ఒళ్ళు పారిపోవడానికి సిద్ధమవుతుంది, పారిపోయే పని లేక ఆ శక్తంతా కండల్లో నిలవ ఉండిపోతుంది, అది దిగడానికి గంటలు పట్టచ్చు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులూ పట్టచ్చు అన్నాడు. జబ్బు కాదు అలసట అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది, పరీక్షలన్నీ నార్మల్. గుండె నార్మల్, నెత్తురు నార్మల్, ఆ మాట ఎన్నిసార్లు విందో, ఆఖరికి నార్మల్ అంటేనే గుండె దడ. అత్తగారు ఆ కాయితాలన్నీ కళ్ళజోడు పెట్టుకుని చదివి, 'అయితే ఏమీ లేదన్నమాట' అంది. 'ఏమీ లేదత్తయ్యా.' 'మరి ఆ పడుకోవడం దేనికమ్మాయ్?' ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది, అదే బాధ. ఎగతాళి అయితే కోపమైనా వచ్చేది, కోపం వస్తే కాస్త ఓపికైనా వచ్చేది. ఏమీ లేకపోవడం వల్ల పడుకోవలసి వచ్చిన మనిషి ఏం జవాబు చెబుతుంది? గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారు కాసేపటికి వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు తెచ్చి మెడ మీద వేసింది. అదొక్కటే పనిచేసింది ఆ రోజు. దానికి మందుల కాయితంలో పేరు లేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. స్టేషన్ మాస్టరు. ఆయన ఒక మెట్టు ఎక్కి ఒక మెట్టు ఆలోచిస్తాడు, చప్పుడులోనే తెలిసిపోతుంది. తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి వస్తే ఎక్కడ భయపడుతుందో అన్నట్టు. మైకు ముందు అది మొదటిసారి వచ్చిన రోజు నుంచీ అందరూ ఆమె దగ్గర అలాగే నిలబడుతున్నారు, పొంగడానికి సిద్ధంగా ఉన్న గిన్నె దగ్గర నిలబడినట్టు.

"ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది సార్."

"బాగానే అంటే? మా ఇంట్లో ఆవిడ బాగానే అన్న రోజు నేను ఇంటికి ఆలస్యంగా పోతాను."

నవ్వింది. నవ్వితే దవడ కలుక్కుమంది.

"దొరికిన సామాన్ల గదిలో పోస్టు ఖాళీ అయింది," అన్నాడు టోపీ తీసి చేతిలో తిప్పుతూ. "అక్కడ మైకు లేదు, మెట్లు లేవు. మీకిద్దామని నా ఆలోచన. పైవాళ్ళకు ఇవాళే చెప్పాలి, లేకపోతే వాళ్ళే ఎవర్నో పంపిస్తారు. ఈ గంట ఆలోచించుకోండి. ఒక్క మాట దాచకూడదు గనక చెబుతున్నాను. మీరు అటు వెళితే ఇక్కడ ఇంకెవర్నీ వెయ్యరు. మొత్తం రికార్డుకే వదిలేస్తారు. మళ్ళీ వస్తానంటే ఉండదు."

"ఇంకోసారి ఆ రోజులా అవుతుందనా సార్?"

"నేను అనలేదమ్మా. అనలేదు," అని రెండుసార్లు అన్నాడు, అంటే అనుకున్నాడన్నమాటే. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు. దాని జోలికి పోకూడదు, కానీ మెడ తిప్పలేనప్పుడు మనసు ఎటో ఒకటి తిరగాలి కదా. మైకు మీద గుడ్డ. తనే కుట్టుకొచ్చింది, అంచుకు నీలం దారం వేసి, దుమ్ము పడకుండా. మాట్లాడటం అవగానే మీట కిందికి, ఆ తర్వాత గుడ్డ మీదికి. మీట, గుడ్డ. ఏళ్ళ తరబడి అదే వరస, చేతులకు తెలుసు, తను చూడక్కర్లేదు. ఆ రోజు గనుల వైపు వెళ్ళే బండి సంగతి చెబుతుండగా మధ్యలో ఊపిరి తప్పింది. మొట్టమొదటిసారి. అదేమిటో తెలీదు, గుండె ఆగిపోతోందనుకుంది. చేతులకు ఒక్క పనికే ఓపిక ఉంది, అవి గుడ్డ వేశాయి. గుడ్డ వేస్తే మైకు కట్టేసినట్టే, ఆమె లెక్కలో అంతే. ఎర్ర దీపం గుడ్డ కింద వెలుగుతూనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ గదిలో ఆమె పడిన యాతనంతా ప్లాట్‌ఫారాలన్నీ విన్నాయి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు, మూసుకుపోయిన గొంతుతో. ఊపిరి. కుర్చీ పడిన చప్పుడు. అమ్మా, అమ్మా. ఎవరైనా ఉన్నారా. నేను పోతున్నా. ఆ చివర, అందరికంటే ముందు ఆమెకే నమ్మశక్యం కాని ఆ మాట, 'పిల్ల బడి నుంచి వస్తుంది, తాళంచెవి కుండీ కింద ఉందని చెప్పండి.' నిప్పంటుకుందేమో అని కొందరు గేటు వైపు పరిగెత్తారట. ఎక్కువమంది ఎక్కడివాళ్ళక్కడ నిలబడి, స్తంభాల మీది స్పీకర్ల వైపు తలెత్తి చూస్తూ ఉండిపోయారట. ఇదంతా ఆమెకు ఆసుపత్రిలో తెలిసింది. మంచం పక్క కూర్చున్న భర్త చెప్పలేక చెప్పలేక చెబుతుంటే అత్తగారు అందుకుని, 'ఊరందరికీ తాళంచెవి జాడ చెప్పి వచ్చావు కదే, ఇంక తాళం మార్చాల్సిందే' అంది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. భర్త నిజంగానే తాళం మార్చాడు. కొత్త తాళం బిగుసు, తిప్పాలంటే తలుపు కాస్త మీదికి ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ చెవుల్లోకి వేడి వస్తుంది, ఎవరూ చూడకపోయినా.

చచ్చిపోవడానికి భయపడటం వేరు, చచ్చిపోతున్నానని ఊరందరికీ చెప్పి చావకపోవడం వేరు. మొదటిదానికి జాలి పడతారు. రెండోదానికి ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. పత్రికల దుకాణం అతను ఇవాళ ఆమెను చూసి చిల్లర ఏరుకున్నాడు. టికెట్ల కిటికీలో అమ్మాయి మరీ మంచిగా నవ్వింది. ఆ మంచితనానికి కూడా ఓపిక కావాలి, బదులు నవ్వాలి కదా.

ఫోను బల్ల మీద గుర్రుమంది. భర్త. కళ్ళజోళ్ళ దుకాణంలో ఈ వేళకు బేరాలుండవు.

"వంతెన దాటావా?"

"దాటాను."

"వచ్చిందా?"

అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి కావాలి. "వచ్చి పోయింది."

"పోయింది కదా, ఇంకేం."

"మీ కొట్టుకు ఎవరైనా కళ్ళజోడు తొక్కుకుని వస్తే, తొక్కడం అయిపోయింది కదా ఇంకేం అంటారా?"

అవతల నవ్వు. "అనను. రెండ్రోజులాగి రమ్మంటాను."

"నన్నూ అలాగే అనుకోండి."

"సరేనమ్మా తల్లీ, రెండ్రోజులాగే వస్తాలే నీ దగ్గరికి." మళ్ళీ అతనే, "సార్ ఏమైనా అన్నాడా?"

చెప్పింది. సామాన్ల గది. మెట్లు లేవు.

"వెళ్ళిపో," అన్నాడు వెంటనే. "నిజంగా అంటున్నా. హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు. నువ్వు చెప్పకపోతే బళ్ళేం ఆగిపోవు కదా."

"ఆగిపోవు," అంది.

ఫోను పెట్టేశాక ఆ మాట గదిలోనే ఉండిపోయింది. తప్పేం అనలేదు. రాత్రుళ్ళు ఆమె లేచి కూర్చుంటే తనూ లేచి కూర్చునే మనిషి. అరికాళ్ళు పట్టుకుని నొక్కుతాడు, చల్లబడ్డాయని. అలాంటివాడు వెళ్ళిపో అంటే అది ఆమెను పంపడం కాదు, తనూ కాస్త పడుకుందామని. అతనికీ అలసటే. ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ కళ్ళ కింద నలుపు. ఆ గది ఎలా ఉంటుందో తెలుసు, ఒకసారి కూతురి గొడుగు కోసం వెళ్ళింది. అరల నిండా గొడుగులు, జత లేని చేతి తొడుగులు, పిల్లల సీసాలు, ఎవరిదో కట్టుడు పళ్ళ డబ్బా, ఒక వయొలిన్ పెట్టె. ఎవరూ రాని గది. నీళ్ళు తాగుతూ, తడిగుడ్డ మెడ మీద వేసుకుని, చీటీలు అంటించుకుంటూ కూర్చోవచ్చు. గొంతు అక్కర్లేదు. గొంతులో ఏముంటే ఎవరికి? ఆలోచిస్తుంటేనే భుజాలు కిందికి దిగాయి, అవి ఇంతసేపూ చెవుల దాకా లేచి ఉన్నాయని దిగాక తెలిసింది. అది నిజమైన సుఖమే, కాదనడానికి లేదు. కానీ మొహానికి సబ్బు రాసుకుంటున్నప్పుడు వచ్చింది అది, అక్కడ మైకు లేదు. పక్కింటావిడ మంచం మీద బట్టలు మడత పెడుతూ కబుర్లు చెబుతుంటే వచ్చింది, అక్కడ మెట్లు లేవు. కూతురు నోటికి ఎక్కాలు అప్పజెబుతుంటే వచ్చింది, పిల్ల ఎక్కం ఆపి, 'అమ్మా, నీళ్ళు తేనా, నాన్నని పిలవనా, ఏది ముందు?' అంది, దానికీ ఒక వరస అలవాటైపోయింది. ఈ ఒళ్ళు ఏ గదికి పోతే ఆ గదికి వస్తుంది. వెంట వచ్చే దాన్ని తప్పించుకోవడానికి ఎన్ని గదులని మారాలి? అదీ నిజమే. అయినా, వచ్చినప్పుడు ఎవరూ వినని గది ఒకటుంటే చాలదా. ధైర్యంగా ఉండు అంటారు అందరూ. ధైర్యం సంగతి తర్వాత, ఆమెకు పడుకోవాలని ఉంది. సరే. వెళ్ళిపోదాం. సార్ వచ్చాక సరేనందాం. అనుకోగానే గదంతా ఎవరో దీపం తగ్గించినట్టు మెత్తబడింది. చిటికెన వేలిలో చీమలు మొదలయ్యాయి, అంటే అదీ వస్తోంది.

ఏమైనా ఈ గంట పూర్తి చెయ్యాలి కదా అని బల్ల తుడిచింది. తుడిచేటప్పుడు చేయి వణుకుతోంటే గుడ్డ అంచు అలలు అలలుగా కదిలింది. వణకనీ. పట్టుకుని ఆపితే భుజంలోకి ఎక్కుతుంది. కాళ్ళు నేలకు ఆనించి, దవడ వదులు చేసి, ఊపిరిని పీల్చడం మానేసి వదలడం ఒక్కటే చూసుకుంది. పీల్చడం దానంతటదే వస్తుంది, ఎవరూ అడగక్కర్లేదు. ఈ సంగతి డాక్టరు చెప్పింది కాదు, ఆడవాళ్ళ గదిలో గోడకు ఆనుకుని ఆమె తనంతట తాను కనిపెట్టుకుంది.

కాబిన్ ఫోను మోగింది. స్టేషన్ చివర, పట్టాలు మార్చే కాబిన్‌లో ఉండే పెద్దాయన, ఆమెకు బాబాయ్. చుట్టరికం లేదు, ఫోనులో గొంతు విని విని కలిసిన వరస.

"అమ్మాయ్, తీరం బండి రెండు మీదకు రాదు. పట్టా పడటం లేదు, ఎంత లాగినా మొండికేసింది. నాలుగు మీదకు తీసుకుంటున్నా. జనం వంతెన ఎక్కి దిగాలి, త్వరగా చెప్పు."

"సార్‌కి చెప్పావా బాబాయ్?"

"ఆయన గదిలో లేడు, మోగుతోంది, ఎత్తట్లేదు. నువ్వు లేవా ఏమిటి?"

ఉన్నాను. ఉండటమే కదా ఇబ్బంది. రికార్డు ఉంది, ఆ పిల్ల చెబుతుంది అనుకుని, రికార్డు బొత్తాం నొక్కి అంకె మార్చింది. తీరం వైపు వెళ్ళే బండి నాలుగో ప్లాట్‌ఫారం మీదకు వస్తుంది అంది ఆ పిల్ల, ఇందాక రెండు అన్నప్పటి హుషారుతోనే, అసలు రెండు అనే మాటే తన నోట రానట్టు. కింద ఒక్క తల కదలలేదు. పెద్దాయన గోళ్ళు దులుపుకుంటున్నాడు. మళ్ళీ నొక్కింది. పుస్తకం మొహాన వేసుకున్న కుర్రది పక్కకు ఒత్తిగిలింది. ఆ గొంతు వాళ్ళకు గాలి లాంటిది, వింటున్నారు గానీ వినడం లేదు. ఆ పిల్లకు ఊళ్ళు తెలుసు, అంకెలు తెలుసు, 'కానీ' తెలీదు. అనుకున్నది మారిందని చెప్పాలంటే చెప్పే గొంతు కూడా మారాలి. దూరంగా మలుపు దగ్గర బండి కూత. గొంతులో అడ్డం పెరిగింది, ఇంకాస్త, ఇప్పుడది ఉండ కాదు, తలుపు. సార్ వస్తాడు. మెట్ల మీద చప్పుడు లేదు. ఎండలో, పెట్టెలూ పిల్లలతో, రెండో ప్లాట్‌ఫారం నిండుగా ఉంది.

మీట లేపింది. ఎర్ర దీపం. బొంగురుగా, ఎవరో నిద్రలేచి మాట్లాడినట్టు వచ్చింది గొంతు, "దయచేసి వినండి. తీరం వైపు వెళ్ళే బండి రెండో ప్లాట్‌ఫారం మీదకు రావడం లేదు," అంది. అక్కడ తలుపు మూసుకుంది. మాట రాలేదు. మైకు తెరిచి ఉంది, స్టేషనంతా ఆ ఖాళీ వింటోంది, ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. స్తంభాల కింద తలలన్నీ ఒక్కటొక్కటిగా పైకి లేచాయి. గోళ్ళ పెద్దాయన, మొగుడూ పెళ్ళాం, పిల్లలు. పుస్తకం కింద పడింది. టికెట్ల కిటికీలోంచి ఆ అమ్మాయి సగం బయటికి వంగి పైకి చూస్తోంది. ఆ రోజున కూడా ఇలాగే చూసి ఉంటారు. చూడనీ. తల తిప్పారు కదా, తిప్పించడమే పని. మింగింది. ఏమీ దిగలేదు, అయినా దాని పక్కనుంచి మాటకు ఇంత సందు దొరికింది. "నాలుగో ప్లాట్‌ఫారం మీదకు వస్తుంది. వంతెన ఎక్కి రండి." కాబిన్ ఫోను ఎడమచేత్తో ఎత్తి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆపుతావా బాబాయ్, వీళ్ళంతా దాటేదాకా?" అంది. అవతల గొణుగుడు. "ఎంతసేపని? సరే, ఆపుతాలే. ఆఖరి మనిషి దిగాక నువ్వే చెప్పు." చెయ్యి తీసింది. "తొందర లేదు. పెద్దవాళ్ళను తోసుకోకండి. మీరందరూ దాటేదాకా బండి ఆగుతుంది. నెమ్మదిగా రండి," అంది. మీట దించింది. దీపం ఆరిందో లేదో చూసింది. ఆరింది.

కింద సందడి మొదలైంది. పెట్టెలు లేచాయి, పిల్లలు చంకలకెక్కారు, మొగుడు పెళ్ళాం చేతిలో సంచీ లాక్కుంటున్నాడు, ఆవిడ ఇవ్వడం లేదు. ఆమెకు కళ్ళు తిరుగుతున్నట్టుంది, కాళ్ళు కుర్చీ కింద ఎక్కడున్నాయో తెలీడం లేదు. ఇది మళ్ళీ అదేనా, లేక ఇందాకటి దాని మిగులా? తెలీదు. రెండూ ఒకేలా ఉంటాయి, అంతా అయ్యాకే ఏది ఏదో తేలుతుంది. రేపటికీ ఈ దవడ నొప్పి ఉంటుంది. ఎల్లుండికీ ఉండచ్చు.

స్టేషన్ మాస్టరు ఈసారి మెట్ల మీద ఆలోచించలేదు. తలుపు తోసుకుని లోపలికే వచ్చి, ఆయాసపడుతూ ఆమె మొహంలోకి చూశాడు.

"తగ్గిందా అమ్మా?"

"లేదు సార్."

"మరి..." మైకు వైపు చూశాడు, కిందికి చూశాడు. "అవతల ప్లాట్‌ఫారం చివర ఉన్నాను, మీ గొంతు ఆగిపోతే నా ప్రాణం పోయిందనుకోండి."

"నాదీ పోయిందనుకున్నాను సార్. అలవాటే." ఊపిరి వదిలింది. "ఆ గదికి ఇంకెవర్నైనా చూసుకోండి. నేను ఇక్కడే ఉంటాను. మధ్యమధ్యలో ఇలా ఆగుతుంటాను. మీరు అలవాటు పడాలి."

ఆయన టోపీ తీశాడు, ఏదో అనబోయాడు.

"ఒక్క నిమిషం సార్. ఆవిడ ఇంకా దిగలేదు."

వంతెన మీద ఒకే ఒక మనిషి మిగిలింది. లావుపాటి పెద్దావిడ, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, మెట్టుకు రెండు పాదాలూ ఆనించి, నిలబడి, మళ్ళీ ఇంకో మెట్టు. నాలుగో ప్లాట్‌ఫారం మీద బండి ఆగి ఎదురుచూస్తోంది. గార్డు జెండా చంకలో పెట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు. మైకమ్మ కాబిన్ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. తొందరేం లేదు. ఆఖరి మెట్టు. గార్డు చేయి అందించాడు, పెద్దావిడ బండి ఎక్కింది.

"ఇక వదలచ్చు బాబాయ్."

బండి కదిలింది. గది అద్దాలన్నీ సన్నగా అదిరాయి, బల్ల అదిరింది, ఆమె మోచేతులూ అదిరాయి. అందులో అద్దాల వణుకెంతో తన వణుకెంతో విడదీసి చూసే ఓపిక లేదు. తర్వాతి బండి ఏదో చూసుకోవడానికి బల్ల మీదికి వంగింది.